పన్నుకు కరెంటు మిషన్ పెట్టించుకునే ముందు

రాజోలు, పాలకొల్లు వైపు పంటినొప్పి కన్నా మత్తు సూదికే ఎక్కువ భయపడేవాళ్లు చాలామంది. సూది లేకుండా చెంపకు ప్యాడ్లు అంటించి నొప్పి తగ్గిస్తారనగానే వాళ్లకు ప్రాణం లేచొస్తుంది. ఈ మిషన్‌ను టెన్స్ అంటారు. బ్యాటరీతో వచ్చే చిన్న కరెంటు చర్మం కింది నరాలను తాకి, నొప్పి కబురు మెదడుకు బలంగా చేరకుండా చేస్తుంది. నొప్పి కబురు దాటే దారిలో వెన్నుపాములో గేటులాంటిది ఉంటుందని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన గేట్ సిద్ధాంతంతో దీన్ని వివరిస్తారు.

అన్నిటికన్నా ముఖ్యం, గుండెకు పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. వాళ్లకు ఈ మిషన్ వద్దు. "పంటికే కదా, గుండె సంగతి ఎందుకు" అని మన పెద్దవాళ్లు చాలాసార్లు చెప్పరు. అందుకే నాన్నగారినో అమ్మమ్మనో తీసుకెళ్లేవాళ్లే డాక్టరుగారికి చెప్పండి, పాత చీటీలు కూడా చూపించండి. ఫిట్స్ ఉన్నా, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ (వినపడటానికి ఆపరేషన్ చేసి అమర్చే పరికరం) ఉన్నా, గర్భంతో ఉన్నా దాచకండి.

ప్యాడ్ సరిగ్గా అంటుకోకపోతే కరెంటు ఒకేచోట చురుక్కుమంటుంది. మన ఉక్కపోతకు చెమట ఎలాగూ తప్పదు, దానికితోడు తలకు పెట్టిన కొబ్బరినూనె చెంపల మీదికి దిగుతుంది. కాబట్టి నూనె, పసుపు, పౌడరు లేకుండా ముఖం కడుక్కుని, బాగా తుడుచుకుని వెళ్లండి. గడ్డం ఉంటే ముందురోజే గీయించుకోండి. కమ్మలు, ముక్కుపుడక ఇంట్లోనే తీసేయండి. చర్మం మీద పుండు, దద్దురు ఉన్నచోట ప్యాడ్ వేయనివ్వకండి.

కరెంటు పెంచే నాబ్ మామూలుగా మీ చేతికే ఇస్తారు. సున్నా నుంచి మెల్లగా తిప్పండి. చిమచిమలాడితే చాలు, దవడ బిగుసుకుంటే కొంచెం తగ్గించండి. ప్యాడ్ ఊడినట్టనిపిస్తే చెయ్యెత్తి ఆపమనండి. ఎలా ఉందో చెప్పలేని చిన్నపిల్లలకు ఇది పనికిరాదు.

పైపైన ఫిల్లింగ్‌కో చిగుళ్ల క్లీనింగ్‌కో ఇది కొంత సాయం చేస్తుంది. పన్ను పీకడానికి, రూట్ కెనాల్‌కు మాత్రం మత్తు సూదే నమ్మకం. నొప్పి తట్టుకోలేకపోతే మొహమాటపడకుండా సూది అడగండి. సూదికి ముందు చిగురు మీద మత్తు జెల్ రాయమనొచ్చు.

మోకాళ్లకని ఇంట్లో కొన్న ఫిజియోథెరపీ మిషన్‌ను పంటినొప్పికి మాత్రం పెట్టుకోకండి. మెడ ముందుభాగాన ప్యాడ్ పెడితే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. పైగా నొప్పి తగ్గినా, లోపల చీముంటే అది అలాగే ఉంటుంది. దవడ వాచి జ్వరం వస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి. మింగడం, ఊపిరి కష్టమైతే ఎంత రాత్రయినా నేరుగా పెద్దాసుపత్రికే.