బటన్ మసకబారితే పైన కూడా చూడండి

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మా అడ్తి (కమీషన్) దుకాణం లెక్కలు ఎక్సెల్‌లో నేనే రాస్తాను. మిర్చి సీజన్‌లో తేజ, చపాట అని రకం పేరు ప్రతిసారీ టైప్ చేయలేక డ్రాప్‌డౌన్ పెడదామనుకున్నాను. తీరా చూస్తే దాన్ని పెట్టే డేటా వ్యాలిడేషన్ బటన్ బూడిద రంగులో ఉంది. నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ఇన్సర్ట్‌లో టేబుల్ కూడా అంతే. షీట్‌కు తాళం పడిందేమో అనుకున్నాను, కానీ అంకెలు కొడితే పడుతున్నాయి. ఫైలు మూసి తెరిచినా అదే తంతు. ఎందుకు పనిచేయట్లేదో ఆ బటనే ఒక్క ముక్క చెబితే ఏం పోయింది?

అరగంట తర్వాత పైన ఫైలు పేరు పక్కన చిన్నగా ‘గ్రూప్’ అని కనబడింది. కింద మూడు షీట్ల ట్యాబ్‌లూ తెల్లగా ఉన్నాయి. షిఫ్ట్ పట్టుకుని ఇంకో షీట్ ట్యాబ్ నొక్కినట్టున్నాను, మూడూ జతపడ్డాయి. ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేసి ‘అన్‌గ్రూప్ షీట్స్’ కొట్టగానే బటన్లకు ప్రాణం వచ్చింది.

అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. గ్రూప్‌లో ఉండగా ఒక షీట్‌లో కొట్టింది మిగతా వాటిలోనూ అదే గడిలో పడుతుంది. చపాట షీట్‌లో తేజ ధరలు! తక్‌పట్టీలు (తూకం, ధర రాసిన చీటీలు) ముందేసుకుని, సేటు వచ్చేలోపు ఒక్కొక్కటీ సరిచేశాను.