దుబాయ్ పనికి పోయేముందు ఏ కాగితం ముందు, ఏది తర్వాత

జగిత్యాల, నిజామాబాద్ వైపు ఊళ్లలో చాలామంది ఏజెంటు చేతిలో డబ్బు పెట్టాకే కాగితాలు చూస్తారు. ఆ వరుస తిరగేయండి.

ముందు పాస్‌పోర్టు. పదో తరగతి పాస్ కానివారికి సాధారణంగా అందులో ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ఉంటుంది. అలాంటివారు యూఏఈ (దుబాయ్ ఉన్న దేశం), సౌదీ, కువైట్ లాంటి దేశాలకు పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే మన ప్రభుత్వ అనుమతి కావాలి. పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలుండాలి. ఇంటిపేరు స్పెల్లింగు పాస్‌పోర్టులో ఒకలా, ఒప్పందంలో ఒకలా ఉంటే అక్కడే ఆగండి, దిద్దించాకే ముందుకు పోండి.

తర్వాత ఏజెంటు. కేంద్ర ప్రభుత్వ ఇ-మైగ్రేట్ పోర్టల్‌లో లైసెన్సు నంబరు కొట్టి చూడండి. ఆ ఏజెంటు ఆఫీసు పేరు చెప్పుకుని ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకు లైసెన్సు ఉండదు. సర్వీస్ ఛార్జీ రూ.30,000 దాటకూడదు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే రూ.35,400. రసీదు లేకుండా రూపాయి కూడా ఇవ్వొద్దు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా కూడా పోవచ్చు.

ఇక ఆఫర్ లెటర్. దీనిమీద ఒక పూట పెట్టండి. యూఏఈ కార్మిక శాఖ ఇచ్చే ఆఫర్ అరబిక్, ఇంగ్లిష్‌లతోపాటు హిందీ, ఉర్దూల్లోనూ దొరుకుతుంది. చదవగలిగిన భాషలో అడిగి తీసుకోండి. అందరూ మొత్తం జీతమే చూస్తారు గానీ చూడాల్సింది బేసిక్, అంటే అలవెన్సులు కలపని మూల జీతం. ఉద్యోగం వదిలేటప్పుడు వచ్చే గ్రాట్యుటీ మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున లెక్కిస్తారు. జీతం 1,500 దిర్హాములున్నా బేసిక్ 600 అని రాస్తే ఏడాదికి వచ్చేది 420. అదే 1,200 అయితే 840.

ఎంట్రీ పర్మిట్ (ఆ దేశంలోకి వెళ్లేందుకు ఇచ్చే వీసా కాగితం) వచ్చాక అందులో ఎంప్లాయ్‌మెంట్ అని ఉందో, విజిట్ అని ఉందో చూడండి. “ముందు విజిట్ మీద పో, అక్కడ మారుస్తాం” అన్నవాడి మాట నమ్మొద్దు. విజిట్ మీద పని చేయడం నేరం, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండదు, దానితో వచ్చే బీమా కూడా ఉండదు. ఎవరి దగ్గరైనా పని చేసుకోవచ్చని చెప్పే “ఆజాద్ వీసా” అనేది చట్టంలో లేనే లేదు, అది ఏజెంట్లు పెట్టిన పేరు. దుబాయ్‌లో ఇచ్చిన పర్మిట్‌ను అక్కడి వీసా ఆఫీసు జీడీఆర్‌ఎఫ్‌ఏ వెబ్‌సైట్‌లో, యూఏఈలోని మిగతా ఎమిరేట్లవి (రాష్ట్రాల్లాంటివి) ఆ దేశ కేంద్ర సంస్థ ఐసీపీ వెబ్‌సైట్‌లో మీరే సరిచూసుకోవచ్చు.

అన్నీ సరిపోయాక ప్రవాసీ భారతీయ బీమా యోజన. ప్రమాదంలో చనిపోతే రూ.10 లక్షలు వస్తాయి. ప్రీమియం రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375, పన్ను వేరు. బయల్దేరే ముందు ఒక రోజు శిక్షణ ఉంటుంది, అది ఉచితం.

దిగాక వైద్య పరీక్ష, వేలిముద్రలు, ఎమిరేట్స్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు). ఊపిరితిత్తుల ఎక్స్‌రేలో పాత టీబీ మచ్చ కనిపించినా చిక్కే, అందుకే డబ్బు కట్టకముందే ఇక్కడ ఎక్స్‌రే తీయించుకోండి. వీసా ఖర్చంతా కంపెనీదే, జీతంలో కోయకూడదు. పాస్‌పోర్టు దగ్గర పెట్టుకునే హక్కూ కంపెనీకి లేదు.

పాస్‌పోర్టు, పర్మిట్, ఒప్పందం, ఏజెంటు రసీదుల ఫొటోలు ఇంట్లోవాళ్ల ఫోన్లోనూ ఉంచండి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో గానీ, హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (వలస కార్మికుల రక్షణ అధికారి) ఆఫీసులో గానీ ఫిర్యాదు చేయాల్సి వస్తే ముందు అడిగేది ఆ రసీదే.