యూరియా ఆపాక పురుగు తగ్గింది

పది రోజులకోసారి క్యాబేజీకి గుప్పెడు యూరియా వేసేవాణ్ణి. ఆకులు ముదురు పచ్చగా, పట్టుకుంటే విరిగేంత లేతగా ఉంటే మురిసిపోయాను. లద్దెపురుగులు నాకంటే ఎక్కువ మురిశాయి! తెల్లారేసరికి ఆకు జల్లెడ, మొక్క మొదట్లో నల్లటి లద్దె. మందు కొట్టినా వారానికి మళ్లీ అదే టెన్షన్.

యూరియాలో ఉండే నత్రజని ఎక్కువైతే ఆకులో అమైనో ఆమ్లాలు (ప్రోటీన్‌కి ముడిసరుకు) పెరుగుతాయి, పురుగుకి అదే బలమైన తిండి. పొటాష్ చాలకపోయినా దాదాపు ఇంతే. యూరియా ఆపేసి బాగా మాగిన పశువుల ఎరువు, కొంచెం పొటాష్ వేశాను. ఆకుల అడుగున కనిపించిన గుడ్ల గుంపులు ఏరేశాను. కొత్తాకులు గట్టిగా వచ్చాయి.

అలాగని మొక్కను పస్తు పెట్టకూడదు. నత్రజని మరీ తక్కువైతే చాలా పురుగులు ఆ లోటు తీర్చుకోవడానికి ఇంకా ఎక్కువ ఆకు తింటాయి. ఇప్పుడు చిల్లులు బయటి రెండు మూడు ఆకులకే.