బ్యూప్రెనార్ఫిన్ మొదటి మాత్ర ఎప్పుడు, ఎలా వేసుకోవాలి
హెరాయిన్ మాన్పించడానికి ఇచ్చే ఈ మాత్రను డాక్టరు పర్యవేక్షణలోనే మొదలుపెట్టాలి. ఆఖరిసారి హెరాయిన్ తీసుకుని కనీసం 12 గంటలు గడవాలి. మెథడోన్ (హెరాయిన్ కోవకే చెందిన, ఒంట్లో ఎక్కువసేపు ఉండే మందు) అయితే ఇంకా ఎక్కువసేపు. మత్తు దిగిపోయిందనడానికి గుర్తులైన ఆవులింతలు, ముక్కు కారడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, కనుపాపలు పెద్దవవడం కనిపించేదాకా ఆగండి. ముందే వేస్తే ఈ మందు మెదడులోని గ్రాహకాల (మత్తుమందు అతుక్కుని పనిచేసే చోట్ల) నుంచి హెరాయిన్‌ను నెట్టేస్తుంది, కానీ తాను పాక్షికంగానే పనిచేస్తుంది. దాంతో వాంతులు, ఒళ్లునొప్పులు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. మందు పడలేదనుకుని చాలామంది వదిలేసేది ఇక్కడే, పాపం.

మొదటి మోతాదు సాధారణంగా 2–4 మిల్లీగ్రాములు. నోరు తడుపుకుని మాత్రను నాలుక కింద పెట్టుకోండి. కరగడానికి 5–10 నిమిషాలు పడుతుంది. అంతదాకా మాట్లాడొద్దు, నమలొద్దు. మింగేస్తే చాలావరకు వృథా. కరిగాక నీళ్లు పుక్కిలించి మింగండి, గంటదాకా పళ్లు తోమొద్దు. మద్యం, నిద్రమాత్రలు తోడైతే ఊపిరి ఆగిపోవచ్చు.