గామా ఛాంబర్‌లో పెట్టే ముందు బైకార్బొనేట్ చూసుకోండి

మురుగునీటిలో మిగిలిపోయే మందులను రేడియేషన్‌తో విరగ్గొట్టడం గురించి ఇది. మొదటిసారి నేను డైక్లోఫెనాక్ అనే నొప్పి మందును డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, గామా కిరణాలు చిమ్మే కోబాల్ట్-60 ముందు పెట్టాను. ఒక కిలోగ్రే డోసుకే మందు ఆనవాలు లేకుండా పోయింది. ఆ సంబరంలోనే శుద్ధి ప్లాంటు నుంచి తెచ్చిన అసలు మురుగునీటిలో అదే మందు కలిపి అదే డోసు ఇచ్చాను. నీటిలో మందు ఎంతుందో చూపే క్రోమటోగ్రామ్‌లో దాని పీక్ నిక్షేపంలా నిలబడి ఉంది. నీళ్లలో ఇంకేం ఉందో చూడకుండా దిగినందుకు తగిన శాస్తి.

రేడియేషన్ మందు అణువును నేరుగా తాకడం చాలా అరుదు. శక్తి దాదాపు అంతా నీటికే పోతుంది. నీరు విరిగి హైడ్రాక్సిల్ రాడికళ్లు, హైడ్రేటెడ్ ఎలక్ట్రాన్లు, కాసిన్ని హైడ్రోజన్ పరమాణువులు పుడతాయి. మందును చీల్చేవి ఇవే. కిలోగ్రే అంటే కిలో నీటికి 1000 జౌళ్లు. దానికి లీటరులో సుమారు 0.28 మిల్లీమోళ్ల హైడ్రాక్సిల్ వస్తుంది. లీటరుకు 10 మిల్లీగ్రాముల డైక్లోఫెనాక్ అంటే 0.034 మిల్లీమోళ్లే. కాగితం మీద ఎనిమిది రెట్లు ఉన్నట్టే! అసలు నీటిలో మాత్రం బైకార్బొనేట్, కరిగిన సేంద్రియ పదార్థం ఆ రాడికళ్లను దారిలోనే మింగేస్తాయి. ఎలక్ట్రాన్లను నైట్రేట్, ఆక్సిజన్ పట్టుకుపోతాయి.

కాబట్టి ముందు నీటిని 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌తో వడకట్టి పీహెచ్, ఆల్కలినిటీ (బైకార్బొనేట్ ఎంతుందో చెప్పే కొలత), నైట్రేట్, టీఓసీ (మొత్తం సేంద్రియ కార్బన్) కొలిచి రాసుకోండి. ఆల్కలినిటీ ఎక్కువుంటే ఆమ్లం చుక్కచుక్కగా వేసి పీహెచ్‌ను 4 దగ్గరికి దించి గాలి బుడగలు పంపండి; బైకార్బొనేట్ కార్బన్ డయాక్సైడ్‌గా లేచిపోతుంది. ల్యాబ్‌లో ఇది బాగానే పనిచేస్తుంది. ప్లాంటులో టన్నుల నీటికి ఆమ్లం పోసి, తర్వాత మళ్లీ క్షారం పోయడం నాకైతే దండగ పనే.

డోసు రేటు కోసం యంత్రం పక్కన అంటించిన పాత చార్టును నమ్మకండి. కోబాల్ట్-60 అర్ధాయువు 5.27 ఏళ్లు, అంటే నెలకు దాదాపు 1.1 శాతం తగ్గుతూ పోతుంది. మీ శాంపిల్ పెట్టే చోటే, అదే రకం సీసాలో ఫ్రికే ద్రావణం (డోసు కొలవడానికి వాడే ఇనుప లవణ ద్రావణం) పోసి కాసేపు ఉంచి, 304 నానోమీటర్ల దగ్గర శోషణ చూడండి. 400 గ్రే దాటితే ఫ్రికే లెక్క తప్పుతుంది. అందుకే తక్కువ సమయంలో రేటు పట్టుకుని, పెద్ద డోసులకు సమయం లెక్కగట్టాలి.

తర్వాత 0.25, 0.5, 1, 2, 4 కిలోగ్రేలకు ఒక్కో సీసా. ఏ రేడియేషనూ తగలని సీసా ఒకటి చీకట్లో ఉంచండి. డైక్లోఫెనాక్ వెలుతురుకే విరిగిపోయే రకం, ఆ తగ్గుదలను మన ఖాతాలో వేసుకోకూడదు. మిగిలిన గాఢతను మొదటి గాఢతతో భాగించి, సహజ సంవర్గమానం తీసి, డోసుకు ఎదురుగా గీయండి. సాధారణంగా సరళరేఖ వస్తుంది. దాని వాలుతో 2.3ని భాగిస్తే 90 శాతం పోవడానికి కావలసిన డోసు.

ఆ అంకె దగ్గర ఆగిపోయేవాళ్లే ఎక్కువ. మందు అణువు విరిగినంత మాత్రాన కార్బన్ ఎక్కడికీ పోదు. టీఓసీ చాలా నెమ్మదిగా దిగుతుంది. తక్కువ డోసు దగ్గర పుట్టే ముక్కలు అసలు మందుకంటే విషపూరితం కావచ్చు. అందుకే ప్రతి సీసానూ వెలుగు చిమ్మే బ్యాక్టీరియాతో పరీక్షిస్తాను. దానికి ముందు కొంచెం కేటలేజ్, అంటే పెరాక్సైడ్‌ను విరిచే ఎంజైమ్, కలపాలి. రేడియేషన్ వల్లే పుట్టి మిగిలిపోయిన హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆ బ్యాక్టీరియాను చంపుతుంది, సీఓడీ (నీటిలోని పదార్థాన్ని ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్) విలువను కూడా పెంచి చూపిస్తుంది. నేను ఓసారి ఇది మరిచి వారం రోజుల ఫలితాలు పారేశాను.

శుద్ధి చేసిన నీళ్లు రేడియోధార్మికం అవుతాయా అని ఎవరో ఒకరు అడుగుతారు. అవ్వవు, కోబాల్ట్-60 గామా కిరణాలకు అంత శక్తి లేదు.

పెద్ద ప్రవాహానికి కోబాల్ట్ కంటే, యంత్రం నుంచి వచ్చే ఎలక్ట్రాన్ బీమ్ మేలు. ఘనపు మీటరుకు కిలోగ్రే ఇవ్వడమంటే 0.28 కిలోవాట్ అవర్. 100 కిలోవాట్ల బీమ్ నష్టాలు లేకపోతే గంటకు 360 ఘనపు మీటర్లు చూసుకుంటుంది. అయితే 1 ఎంఈవీ (పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు) శక్తి ఉన్న ఎలక్ట్రాన్ నీటిలోకి నాలుగైదు మిల్లీమీటర్లకు మించి దిగదు, కాబట్టి నీటిని పలుచని తెరలా పారించాలి.