గిటార్ బాడీ జాయింట్ విచ్చుకుంటున్నదా? జిగురును తిట్టే ముందు కట్టెను తూకమేయండి

వానాకాలంల చేసిన ఎలక్ట్రిక్ గిటార్ ఉగాది దాక మంచిగనే ఉంటది. ఏప్రిల్ ఎండలు మొదలైనంక, రెండు పలకలు అతికిన బాడీ నడుమ జాయింట్ కాడ వెంట్రుకంత గీత, పాలిష్ మీద గోరు పెడితే తగులుతది, ఇంకొన్ని రోజులకు పెయింట్ పగులుతది, నెక్ పాకెట్ (మెడ కట్టె బాడీల కూసునే గాడి) కాడ సందు కూడా వస్తది. ఇగ అందరూ జిగురు బాలేదంటరు, కొత్త డబ్బా తెచ్చి క్లాంప్ పెట్టి మళ్లా అతికిస్తరు, పైఏడు మళ్లా అదే కథ.

ముందు గీత ఎక్కడుందో చూడండి. నిలువునా ఊడొచ్చి, జిగురంతా ఒక్క చెక్కకే అద్దం లెక్క అంటుకొని రెండోది సాఫ్‌గా ఉంటే అది టేకు కట్టెల ఉండే నూనె పని. రందా పట్టిన రోజే అసిటోన్‌తో తుడిచి వెంటనే అతికియ్యాలె, అంతే. రెండు చివర్ల తెరుచుకొని నడుమ గట్టిగ ఉంటే మాత్రం కట్టెల తేమ.

నేను దెబ్బతిన్నది గిక్కడనే. టింబర్ డిపోల 50 మిల్లీమీటర్ల టేకు పలక కొన్న, 'రెండేండ్ల పాత మాల్ అన్నా' అన్నడు, తేమ చూసే మీటర్ గుచ్చితే 10 శాతం చూపెట్టింది, ఇంకేం కావాలె అనుకున్న. తర్వాత తెలిసింది, రెండేండ్లు పడున్నది మొద్దు, పలక కోసింది పోయిన వారం! బెరడుతోని పడున్న మొద్దు లోపల ఆరదు, అంగుళం మందానికి ఏడాది అనే లెక్క కోసినంక మొదలైతది. మీటర్ సూదులు పైన కొన్ని మిల్లీమీటర్లే చూస్తయి, మన ఎండకు పైపొర తొందరగ ఆరిపోతది, నడుమ పచ్చిగనే ఉంటది. అది 18 శాతం నుంచి 10కి దిగితే 350 మిల్లీమీటర్ల వెడల్పు బాడీ, కోసిన తీరును బట్టి, రెండున్నర నుంచి ఐదు మిల్లీమీటర్లు గుంజుకుపోతది. ఏ జిగురు ఆపుతది దాన్ని?

అందుకే పలక చివర కాదు, అడుగు లోపలికి పోయి అంగుళం ముక్క కోయండి. కిచెన్ తూకం మీద బరువు రాసుకొని, ఓవెన్ల 103 డిగ్రీల మీద పెట్టి, బరువు తగ్గుడు ఆగేదాక గంటగంటకు తూయండి. 100 గ్రాములది 84కు ఆగిందా, తగ్గిన 16ను 84తోని భాగిస్తే 19 శాతం. గంత తేమున్నది గిటార్‌కు ఒద్దు. 10 అటుఇటు ఉండాలె.

ఎక్కువున్న పలకను బాడీ సైజుకు రఫ్‌గా కోసి, చివర్లకు మైనం పూసి, నడుమ పుల్లలు పెట్టి నీడల పేర్చండి. దాని మీదనే పెన్సిల్‌తోని వారం వారం బరువు రాయండి. మూడు వారాలు అదే బరువుంటే అప్పుడు రందా, అది కూడా రెండు ముఖాలు సమానంగ. ఈ తూకం సంగతి ఎంత చెప్పినా ఎవ్వరూ చెయ్యరు, జిగురు పేర్లు మాత్రం అడుగుతరు.

ఇప్పటికే విచ్చుకున్న గిటార్ అయితే సందుల జిగురు నింపకండి. తీగలు వదులు చేసి ఎండాకాలమంతా నీడల ఆరనిచ్చి, జాయింట్ మీదనే కోసి రందా పట్టి అతికియ్యండి. రెండు మూడు మిల్లీమీటర్లు పోతయి, బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే ముక్క) తూట్లు పూడ్చి కొత్తగ వేసుకోవాలె.

మిగతావి చిన్నయి. భుజం గుంజుతుందంటే టేకు బరువే అంత. ఫెండర్ గిటార్ కంపెనీ వాళ్లు 1956ల తమ స్ట్రాటోకాస్టర్ గిటార్‌కు ఎక్కువగా వాడుడు మొదలువెట్టిన ఆల్డర్ కట్టెతోని రెండు కిలోలయ్యే బాడీ టేకుతోని మూడు దాక పోతది. మన దగ్గర గుమ్ముడు టేకు (పేరుకే టేకు, చెట్టు వేరే) ఆ ఆల్డర్ బరువుకు దగ్గరుంటది. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కట్టె ఇంకా తేలిక, కానీ స్క్రూలు ఆగవు, బ్రిడ్జి కింద గట్టి కట్టె ముక్క దిగ్గొట్టాలె. గుయ్యిమని హమ్ వస్తే కట్టెను ఎందుకు అంటరు, గ్రౌండ్ వైరు చూడండి. పాత ఇండ్ల దర్వాజ టేకు దొరికితే వదలకండి, బాగా ఆరి ఉంటది, కాకపోతే రందా పట్టే ముందు అయస్కాంతం తిప్పండి, విరిగిన మేకులు లోపలనే ఉంటయి.