విశాఖ నుంచి పాపికొండల దాకా కారులో: మన్యం చుట్టు ఎలా వేసుకోవాలి

అరకు, లంబసింగి, మారేడుమిల్లి, పాపికొండలు అన్నీ ఒక్క చుట్టులో చూసేయాలనుకునేవాళ్లు మ్యాప్‌లో కిలోమీటర్లు కూడి రోజులు లెక్కేస్తారు. ప్లాను చెడేది అక్కడే. హైవే మీద గంటకు 60 వెళ్లే కారు ఘాట్‌లో 25, 30 దాటదు. చలికాలం సాయంత్రం ఐదున్నరకే కొండల్లో చీకటి పడుతుంది. అందుకే ఈ ప్రయాణాన్ని వెనక నుంచి ముందుకు వేసుకోవాలి: మొదట పాపికొండలు చూపించే గోదావరి లాంచీ తేదీ, ఆ తర్వాతే మిగతా మజిలీలు.

గోదావరికి వరదొస్తే లాంచీలు ఆపేస్తారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగింది వరద నీళ్లలోనే. జూలై నుంచి అక్టోబరు దాకా లాంచీని నమ్ముకుని సెలవులు పెట్టకండి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. అప్పుడైనా రెండు రోజుల ముందు ఫోన్ చేసి, లాంచీ కదులుతోందని రూఢి చేసుకోండి. గండిపోచమ్మ గుడి దగ్గర పొద్దున్నే లాంచీ ఎక్కితే ఆ రోజంతా దానికే సరి. లైఫ్ జాకెట్ బెల్టులు బిగించుకుని కూర్చోవాలి. పక్కన పెట్టుకున్న జాకెట్టుతో ప్రయోజనం లేదు.

లాంచీ ఐదో రోజు అనుకుంటే, నాలుగో రాత్రికి మారేడుమిల్లిలోనో రంపచోడవరంలోనో ఉండాలి. మూడో రాత్రి లంబసింగి, రెండోది పాడేరు, మొదటిది అరకు. అంత సెలవు లేకపోతే గోదావరిని వదిలేసి, లంబసింగి నుంచి నర్సీపట్నం, అనకాపల్లి మీదుగా ఇంటికొచ్చేయండి. అన్నీ మూడు రోజుల్లో కుక్కేస్తే కారు అద్దంలోంచి చెట్లు చూడటమే మిగులుతుంది.

మొదటి రోజు తెల్లవారక ముందే బయల్దేరాలి. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట దాటాక ఘాట్ మొదలు. అరకు సుమారు 115 కిలోమీటర్లే అయినా, డిసెంబరు ఆదివారాల్లో అనంతగిరి మలుపుల్లో బళ్లు గంటల తరబడి నిలిచిపోతాయి. వీలైతే వారం మధ్యలో వెళ్లండి. ఎస్.కోటలోనే ట్యాంకు నింపి, కాస్త నగదు జేబులో పెట్టుకోండి. పైన సిగ్నల్ పోతే ఫోన్‌పే పనిచేయదు. మ్యాపులు కూడా ఇంట్లోనే ఆఫ్‌లైన్‌లో దింపుకోవాలి. దారిలో బొర్రా గుహలు చూసుకుని సాయంత్రానికి అరకు చేరవచ్చు. గుహలో మెట్లు తడిగా ఉంటాయి, పట్టున్న చెప్పులు వేసుకోండి.

బయల్దేరే ముందు చూడాల్సినవి బ్రేకులు, కూలెంట్, టైర్లు. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీదున్న అంకె ప్రకారం పట్టించాలి. స్టెప్నీని చాలామంది మరిచిపోతారు. పంక్చరయ్యాక అందులోనూ గాలి లేదని తెలిస్తే చేసేదేమీ ఉండదు.

ఘాట్ ఎక్కడం కంటే దిగడమే ప్రమాదం. కాలు బ్రేకు మీదే ఉంచి దిగితే ప్యాడ్లు వేడెక్కి, కాలిన వాసన వస్తుంది. ఆ తర్వాత పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు. ఎక్కేటప్పుడు ఏ గేరు కావాలో దిగేటప్పుడూ దాదాపు అదే గేరు, సాధారణంగా రెండు లేదా మూడు. ఆటోమేటిక్ అయితే ఎల్ (తక్కువ గేరు) లేదా మాన్యువల్ మోడ్. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. వాసన వస్తే వెడల్పుగా ఉన్నచోట ఆపి అరగంట చల్లారనివ్వండి, నీళ్లు మాత్రం పోయకండి. ఎక్కే బండికి దారివ్వాలి, మలుపుకు ముందే హారన్ కొట్టాలి. ఎక్కేటప్పుడు ఇంజన్ వేడి ముల్లు పైకెళ్తే ఏసీ ఆపి, బండి పక్కకు తీయండి. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే మరిగే నీళ్లు మొహం మీదకే చిమ్ముతాయి.

రెండో రోజు చాపరాయి జలపాతం చూసుకుని పాడేరు చేరండి. మర్నాడు లోయలో పరుచుకునే మేఘాలు చూడటానికి వంజంగి కొండకు చీకట్లోనే బయల్దేరాలి, సూర్యోదయానికి పైన ఉండాలి. టార్చి, స్వెట్టర్ తప్పనిసరి. మేఘాలు మాత్రం ఎవరి మాటా వినవు: రాత్రి గాలి లేకుండా, ఆకాశం తేటగా ఉంటే లోయలో మంచు పేరుకుంటుంది, ముసురు పట్టిన రోజు మీరే మేఘంలో ఉంటారు, ఏమీ కనిపించదు. నవంబరులో వెళ్తే దారి పొడవునా వలిసె పూలు. కొండ దిగి, టిఫిన్ చేసి, చింతపల్లి మీదుగా లంబసింగి చేరండి.

లంబసింగిలో డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో చలి సున్నా దగ్గరకు పడిపోతుంది. టెంటు తీసుకుంటే రగ్గులు ఎన్నిస్తారో ముందే అడగండి. పొగమంచులో హైబీమ్ వేస్తే వెలుగు తిరిగి మీ కళ్లలోనే పడుతుంది. లోబీమ్‌తో నెమ్మదిగా పోవాలి. అద్దం లోపల ఆవిరి పడితే ఏసీ గాలి అద్దం వైపు తిప్పండి.

నాలుగో రోజే పొడవైన దారి: ఘాట్ దిగి కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి, అడ్డతీగల, రంపచోడవరం, మారేడుమిల్లి. కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి ఉంది, ఆగాల్సిన చోటు. ఏజెన్సీ రోడ్లపై గంజాయి తనిఖీలు గట్టిగా ఉంటాయి; తెలియనివాళ్ల సంచులు, పార్శిళ్లు ఎక్కించుకోకండి. మారేడుమిల్లికి వెలుతురుండగా చేరితే బొంగు చికెన్ తీరిగ్గా తినొచ్చు. వెదురు బొంగు నిప్పుల మీద కాలడానికి టైము పడుతుంది, చేరగానే చెప్పిపెట్టండి. దోమల మందు రాసుకోండి, మన్యంలో మలేరియా ఉంది.

పాపికొండల చుట్టూ ఉన్న అడవి 2008లో జాతీయ ఉద్యానవనమైంది, విస్తీర్ణం సుమారు 1,012 చదరపు కిలోమీటర్లు. అటవీ చెక్‌పోస్టు లోపలికి వెళ్లేముందు అనుమతి తీసుకోవాలి. లాంచీ దిగిన సాయంత్రమే విశాఖ బయల్దేరకండి. రాజమండ్రిలో పడుకుని, మర్నాడు అన్నవరం, తుని మీదుగా హైవే ఎక్కితే మధ్యాహ్న భోజనానికి ఇంట్లో ఉంటారు. ఆ వారంలోనే బ్రేక్ ప్యాడ్లు మెకానిక్‌కు చూపించండి.